మూగకొండలో పుట్టిన మాట

మూగకొండను దూరం నుంచి చూసినవాళ్ళు వెండికొండ అనుకుంటారు. పొద్దుటి ఎండ తగలగానే దాని తెల్లరాతి చరియలు చిలికిన వెన్నలా మెరుస్తాయి. నడుముకు మబ్బులు ఒడ్డాణంలా చుట్టుకుంటాయి. శిఖరాన ఘోరజిహ్వుడనే మాంత్రికుడి గోపురం, తలపాగాలో గుచ్చిన కొంగ ఈకలా, తెల్లగా, నిటారుగా నిలబడి ఉంటుంది. అంత అందమైన కొండ మీద ఒక్క పిట్ట కూయదు. ఎండుటాకు రాలినా ఆ సవ్వడి నేలను చేరకముందే గోపురంలోకి పోవాలి. అది మాంత్రికుడి కట్టడి.

కొండ కడుపులో వెన్నా లేదు, వెండీ లేదు. ఆముదపు దివ్వెల పొగ, రాతిపొడి, చెమట వాసన. పన్నెండు సొరంగాలు, మూడు వందల మంది బందీలు, తెరిపి లేని గునపాల మోత. ఆ బందీల్లో ఒకడుగా, మరో తొమ్మిదిమందితో కలిసి బండ కింద భుజం పెట్టి, దేవరాతుడు ఆ రోజుకు నలభయ్యోసారి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు రెండూ పాత తలుపు బందుల్లా కిర్రుమన్నాయి. ఇంకొక్కసారి లేవడం తనవల్ల కాదని ముప్ఫయ్యోసారే అనుకున్నాడు. అయినా లేస్తూనే ఉన్నాడు.

అతడు హంసావతీ రాజ్యంలో ఆస్థాన దుబాసి. వయసు నలభై ఆరు. తొమ్మిది భాషలు నోటికి వచ్చు. ఏ దేశపు రాయబారి కొలువుకు వచ్చినా సింహాసనం పక్కన దేవరాతుడు నిలబడవలసిందే. అలాంటివాడు రెండున్నర నెలలుగా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. మూగవాడి వేషంలో ఉన్నాడు.

అయిదేళ్ళ కిందట దేశాటనకు వెళ్ళిన యువరాజు ఉదయసేనుడు తిరిగి రాలేదు. రెండేళ్ళు ఎదురుచూసి రాజు దేవరాతుణ్ణి పిలిపించాడు. సేనాపతులు కత్తి దూయగలరు కాని ప్రతి ఊళ్ళోనూ దారి అడగలేరనీ, అది నీవల్లే అవుతుందనీ అన్నాడు. యువరాజుకు అక్షరాలు దిద్దించినవాడు కూడా దేవరాతుడే. ఆ పూటే బయలుదేరాడు. ఉప్పుటెడారిలో ఒంటె చచ్చిపోతే పదకొండు రోజులు కాలినడకన దాటాడు. మొసళ్ళ మడుగులో చెప్పులూ, చెప్పులతో పాటు కుడికాలి చిటికెనవేలూ పోగొట్టుకున్నాడు. ఒక దేశంలో గూఢచారి అని కొరడాలతో కొట్టారు. ఇంకో దేశంలో దేవుడని మూడు నెలలు గుడిలో కూర్చోబెట్టి పూజ చేశారు. కొరడా దెబ్బలే నయం, అవి ఒక్కరోజుతో పోయాయి. మూడో ఏడు ముగుస్తుండగా యువరాజు మూగకొండలో బందీగా ఉన్నాడని తెలిసింది. ఆ కొండలోకి బందీగా తప్ప ఎవరూ అడుగు పెట్టలేరనీ తెలిసింది. మూగవాడిగా వేషం కట్టి, మాంత్రికుడి మట్టిభటులకు కావాలనే చిక్కాడు.

మూగవేషం ఎందుకంటే, ప్రతి సొరంగం ముఖద్వారానా ఒక ఇత్తడి శంఖం వేలాడుతుంది. లోపల గుసగుసలాడినా ఆ శంఖం పట్టి గోపురంలో ఘోరజిహ్వుడి చెవిలో వేస్తుంది. ఛప్పన్న దేశాల భాషలూ అతడికి కరతలామలకం. ఎవరు ఏ భాషలో పారిపోయే మాట ఎత్తినా మర్నాటికి బతికి ఉండరు.

అన్ని భాషలు నేర్చినవాడికి కొండ తవ్వే పని ఏమిటంటే, మనిషి నోట మొట్టమొదట పలికిన మాట ఈ కొండ గర్భంలో ఒక రాతి మీద చెక్కి ఉందని అతడి నమ్మకం. ఆ ఆదివాక్కు తెలిసినవాడు పిలిస్తే పిడుగు కూడా వచ్చి పాదాల దగ్గర కూర్చుంటుందట. అరవై ఏళ్ళుగా తవ్విస్తున్నాడు. బందీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని దేశదేశాల నుంచి మనుషులను తెప్పించి, ఒకరి భాష ఒకరికి రానివాళ్ళను ఏరి ఒక్కో జట్టుగా కట్టాడు.

అయినా ఆ జనం మాట్లాడుకుంటున్నారు. దేవరాతుడు మొదట్లో అది మూలుగు అనుకున్నాడు. వారం గడిచాక మూలుగులో మాటలు వినిపించాయి. గాడ అంటే రాయి. లోమి అంటే నీళ్ళు. దిమ అంటే పోవడం. తొమ్మిది భాషల్లో దేనికీ చెందని మాటలు. వాటి చివర ఒక్కోసారి 'బో' అని, ఒక్కోసారి 'ఇస' అని ఒక తోక ఉండేది. అలసినవాళ్ళు విడిచే ఊపిరి కాబోలని అతడు ఆ తోకలను లెక్కలోకి తీసుకోలేదు. ఆ పొరపాటు ఆ రోజు అతడి ప్రాణం మీదికి తెచ్చింది.

పై అంచు మీంచి ఒక ఆడగొంతు అరిచింది. "గాడ రుంబ ఇస!"

రుంబ అంటే పడటం. ఎక్కడో రాయి పడిందన్నమాట, పడితే పడిందని దేవరాతుడు నిలబడ్డచోటే నిలబడ్డాడు. పక్కనున్న తొమ్మిదిమందీ మాత్రం బండ వదిలేసి గోడకు అతుక్కుపోయారు. అతడు తల ఎత్తేసరికి కప్పు నుంచి దున్నపోతు తలంత రాయి ఊడి వస్తోంది. తల తప్పింది కాని ఎడమ భుజం తప్పలేదు.

"అమ్మా, చచ్చాను" అన్నాడు, హంసావతి రాజవీధి మాటలో.

రెండున్నర నెలలు దాచిన గొంతు. ముఖద్వారాన ఇత్తడి శంఖం గుర్రం చెవిలా ఒక్కసారి అదిరింది. పై అంచు మీంచి అరిచిన మనిషి కిందికి దిగి వచ్చి అతడి ముఖంలోకి చూసింది. పేరు ఎలిమ. ముప్ఫై ఏళ్ళుంటాయి. కొండలోనే పుట్టింది, ఎండ ఎరగని ఒళ్ళు పాలిపోయి ఉంది. మూగవాడికి మాట వచ్చినందుకు ఆమె ఆశ్చర్యపోలేదు, సంతోషించనూ లేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పటికే మట్టిభటుల అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

గోపురంలో వెలుతురు చూసి దేవరాతుడి కళ్ళు నీళ్ళు కారాయి. గది నిండా ఎండ. చంద్రకాంత శిలల నేల, పగడపు తీగెలు చెక్కిన స్తంభాలు, కప్పు నుంచి ముత్యాల సరాలకు కట్టి వేలాడదీసిన శంఖాలు. సన్నగా మోగుతూ, గుసగుసలాడుతూ, మూలుగుతూ ఉన్నాయి. వాటి మధ్య పులితోలు మీద ఘోరజిహ్వుడు కూర్చుని ఉన్నాడు. కథల్లో చెప్పే కోరలూ, మంటలు కక్కే కళ్ళూ ఏమీ లేవు. ఎముకల గూడులాంటి ముసలివాడు. కళ్ళకింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. ఎన్నేళ్ళుగానో కంటిమీద కునుకు లేని మనిషి ముఖం.

"ఏమయ్యా, మూగతనం నయమైందా?" అన్నాడు హంసావతి భాషలో. యాస కూడా తప్పలేదు.

ఇక దాచి లాభం లేదు. దేవరాతుడు తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పేశాడు. చంపుతాడనుకున్నాడు. ఒక విధంగా అదీ మేలేననిపించింది, కనీసం పడుకోవచ్చు. కాని మాంత్రికుడు చంపలేదు. పక్కనున్న శంఖాన్ని చూపించి వినమన్నాడు. అందులోంచి ఎలిమ గొంతు వస్తోంది. జట్టుకు ఏదో పురమాయిస్తోంది.

అది ఏ భాష అని ఘోరజిహ్వుడు అడిగాడు. తనకు రాని భాష ఈ భూమండలం మీద లేదు, మరి ఇది ఎక్కడిది? మొదట పశువుల అరుపులని వదిలేశాడట. ఇరవై ఏళ్ళుగా అది అంతకంతకూ చిక్కబడుతోంది. తెల్లవార్లూ చెవిలో నలుసులా తిరుగుతోంది.

"వాళ్ళకి ఆదివాక్కు దొరికింది దుబాసీ. రాయి దొరికింది, నా దగ్గర దాస్తున్నారు. ఆ భాష నేర్చుకుని తెచ్చి నాకియ్యి. పక్షం రోజులు గడువు. నీ యువరాజు ఏడో సొరంగంలో ఉన్నాడు. ఇద్దరినీ హంసావతి పొలిమేరలో దింపిస్తాను" అన్నాడు.

దేవరాతుడు సరేనన్నాడు. పైకి అన్నమాట కాదు. ఆ క్షణంలో అతడు నిజంగానే ఒప్పుకున్నాడు. తన ఇంటి వసారా, అందులో నులక మంచం, తల కింద చల్లటి మట్టిగోడ కళ్ళముందు మెదిలాయి. అంతకు మించి ఈ ప్రపంచంలో అతడికి ఏమీ అక్కర్లేదనిపించింది.

మట్టిభటులు అతణ్ణి దింపిన ఏడో సొరంగం అన్నిటికంటే లోతు. అక్కడి గోడలు చెమ్మగిల్లి ఉంటాయి. దివ్వె వెలుతురులో ఒక బక్కపలచటి మనిషి గునపం ఆపి తిరిగి చూశాడు. గడ్డం ఛాతీ దాకా పెరిగింది. నుదుటి మీద చిన్నప్పుడు గుర్రం మీంచి పడిన మచ్చ మాత్రం అలాగే ఉంది. ఉదయసేనుడు గురువును గుర్తుపట్టాడు. కాని ద్వారాన శంఖం ఉంది. యువరాజు వచ్చి, దేవరాతుడు ఎత్తబోతున్న బండకు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని గోడవారకు చేర్చారు. అయిదేళ్ళ తర్వాత కలుసుకున్న గురుశిష్యుల పలకరింపు అదే.

ఆ తర్వాత ఉదయసేనుడు, బందీలు మాట్లాడుకునే ఆ కొండమాటలోనే, చేతులు తిప్పుతూ, పసివాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. ఒకప్పుడు దేవరాతుడు ఈ కుర్రవాడి వేలు పట్టుకుని ఇసుకలో దిద్దించేవాడు. ఇప్పుడు శిష్యుడు చెబుతుంటే గురువు తడుముకుంటూ అర్థం చేసుకుంటున్నాడు. ఈ సొరంగం చివర ఎనిమిదేళ్ళుగా రహస్యంగా ఒక బిలం తవ్వుతున్నారట. అవతల నది చప్పుడు వినిపిస్తోంది. ఒక్క బండ అడ్డం మిగిలింది. అది కదలాలంటే వందమంది ఒక్క ఊపుమీద తొయ్యాలి. ఆ సమయంలో మట్టిభటులు ఈ ఛాయలకు రాకూడదు. అదొక్కటే కుదరడం లేదు.

మనిద్దరం ఈ పక్షంలోనే ఇంటికి పోవచ్చని దేవరాతుడు సైగ చేశాడు. ఉదయసేనుడు మూడు వేళ్ళు ఎత్తి, చేతిని సొరంగం పొడవునా తిప్పాడు. మూడు వందల మందీ పోవాలి. లేకపోతే తాను రాడు.

గోపురం నుంచి ప్రాణాలతో దిగివచ్చిన మనిషిని ఎలిమ నమ్మలేదు. సాయంత్రం గంజి పోసే వేళ వచ్చి ఎదురుగా కూర్చుంది. తాగే గంజి తాగనివ్వకుండా, డుమ్మ నిన్నెందుకు వదిలాడని అడిగింది. డుమ్మ అంటే మాంత్రికుడు. దేవరాతుడు అబద్ధం చెప్పగలడు. అతడి బతుకే అది. కాని ఈ కొత్త భాషలో అబద్ధం ఆడేంత మాటలు అతడికింకా రాలేదు. ఉన్న నాలుగు మాటలతో ఉన్నదున్నట్టు చెప్పాడు. డుమ్మకు మీ మాట కావాలి. తెచ్చిస్తానన్నాను.

ఆమె కోప్పడలేదు. ఆ మాట ఎలా వచ్చిందో చెప్పుకొచ్చింది. మొదటి బందీలు పదిమందిని ఒక్క బండ దగ్గర నిలబెట్టారట. పది దేశాలు, పది భాషలు. ఎవడికి తోచినప్పుడు వాడు ఎత్తితే బండ దొర్లి ఇద్దరు చచ్చిపోయారు. మర్నాడు మిగిలిన ఎనిమిదిమందీ ముఖాలు చూసుకుని, అందరూ కలిసి ఒక్క కూత కూశారు. హుప్. అదే మొదటి మాట అని వాళ్ళ అవ్వ చెప్పేదట. ఆ తర్వాత నీళ్ళకు ఒకడి మాట నిలబడింది, రాయికి ఇంకొకడిది. పెద్దవాళ్ళు మాటల్ని కట్టెల మోపులా పడేసేవాళ్ళు. రాయి, నేను, కాలు. అది పడిందో, పడబోతోందో వినేవాడే తేల్చుకోవాలి. కొండలో పుట్టిన పిల్లలకు అది చాలలేదు. రాయి పడబోతోందని ముందే చెప్పకపోతే మనుషులు పోతున్నారు. పిల్లలే ఆడుకుంటూ ఆడుకుంటూ తోకలు తగిలించారు. అయిపోయినదానికి బో. ఇంకా జరగనిదానికి ఇస.

"మా అమ్మ తోకలు నేర్చుకోలేదు. అందుకే పోయింది" అంది ఎలిమ. "నువ్వూ నేర్చుకోలేదు. నీ భుజం చూసుకో."

దేవరాతుడు భుజం చూసుకున్నాడు. మాంత్రికుడు అరవై ఏళ్ళుగా రాతిలో వెతుకుతున్నది ఈ గంజిముంతల మధ్య ఉందని అతడికి అప్పుడు తట్టింది. కాని ఆ సంతోషాన్ని అనుభవించే ఓపిక లేదు. తట్టిన రెండో సంగతి ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించింది.

ఇరవై ఏళ్ళు కొలువులో అతడు చేసిన పని మాట మార్చడమే. పరదేశపు రాజు మీ ప్రభువు నక్క అంటే, మీ ప్రభువు మహా బుద్ధిమంతుడట అని చెప్పేవాడు. అలా ఎన్ని యుద్ధాలు ఆపాడో. మొత్తం భాషను మార్చి చెబితే ఘోరజిహ్వుడు ఒక్కరోజులో పట్టేస్తాడు. ప్రతి మాటా నిజంగానే నేర్పి, రెండే రెండు తోకలు తారుమారు చేస్తే? బో అంటే జరగబోయేది. ఇస అంటే జరిగిపోయింది.

ఎలిమకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గంజిముంత అతడి ముందుకు జరిపింది.

ఆ మర్నాటి నుంచి దేవరాతుడి రోజులు రెండుగా చీలిపోయాయి. పొద్దున రెండు జాములు గోపురంలో పాఠం. మిగతా పగలంతా ఏడో సొరంగంలో గునపం. పగలు నేర్చుకున్నది పొద్దున తప్పుగా నేర్పాలి, ఆ తప్పు నిన్నటి తప్పుతో సరిపోవాలి. ఒక్కోసారి మెట్లెక్కుతూ తనకే అనుమానం వచ్చేది, ఏది నిజం, ఏది తను అల్లినది అని. పడుకుంటే కలలో కూడా తోకలే. మాంత్రికుడు మాత్రం పసివాడిలా ఆత్రంగా నేర్చుకుంటున్నాడు. ఒకసారి చెప్పిన మాట మళ్ళీ అడగడు. పాఠం కాగానే శంఖాలకు చెవి ఆనించి, విన్న వాక్యాలను పాఠంతో పోల్చి చూసుకుంటాడు. అందుకని శంఖాల దగ్గర పనిచేసే జట్లు కూడా జాగ్రత్తపడ్డాయి. ఎలా విన్నా నడిచే మాటలే అక్కడ మాట్లాడుకునేవాళ్ళు.

కాని రాయి పడేటప్పుడు ఎవరు జాగ్రత్తపడగలరు?

పదమూడో రోజు దేవరాతుడు గదిలోకి అడుగు పెట్టేసరికి ఘోరజిహ్వుడు పాఠానికి కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో సన్నటి వెండి కత్తి ఉంది. నిన్న నాలుగో సొరంగంలో ఒకడు గాడ రుంబ ఇస అని అరిచాడనీ, నువ్వు చెప్పినదాని ప్రకారం రాయి పడిపోయిందని అర్థమనీ, రాయి పడిన చప్పుడు మాత్రం అరుపు తర్వాత వచ్చిందనీ చెప్పాడు.

"ముందు అరుపు, తర్వాత చప్పుడు. మూడుసార్లు విన్నాను. ఏమంటావు దుబాసీ?"

దేవరాతుడికి అలసట ఎంత ఉందంటే భయం కూడా పూర్తిగా పుట్టలేదు. ఆ అలసటే అతణ్ణి కాపాడింది. గొంతు వణకలేదు.

"స్వామీ, ఆ రోజు నా భుజం మీద రాయి పడితే నేను ఏమన్నాను?"

"చచ్చాను అన్నావు."

"చచ్చానా?"

మాంత్రికుడు కత్తి మొన కిందికి దించాడు.

"మా హంసావతిలో ఎవరైనా పిలిస్తే, ఇంకా పీట మీంచి లేవకుండానే వచ్చేశానంటాం. తప్పదనుకున్నదాన్ని అయిపోయినట్టే చెబుతాం స్వామీ. రాయి కప్పు వదిలిందంటే ఇక పడ్డట్టే కదా. వీళ్ళూ అంతే."

ఛప్పన్న భాషలూ నేర్చిన ముసలివాడు ఆ మాటను నాలుక మీద వేసుకుని కాసేపు చప్పరించాడు. వచ్చేశాను, వచ్చేశాను అని రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. అతడి ముఖం మెల్లగా విచ్చుకుంది. అరవై ఏళ్ళ ఒంటరితనంలో భాష గురించి తనతో ఇలా మాట్లాడినవాడు లేడేమో. నవ్వాడు. కత్తి పులితోలు మీద పడేసి, ఈ రోజు పాఠం ఎక్కువసేపు చెప్పమన్నాడు. దేవరాతుడికి అతడి మీద జాలి కలిగింది. ఆ జాలిని మింగి పాఠం చెప్పాడు.

ఇక ఆలస్యం చేస్తే మరో ప్రశ్న వస్తుంది. పద్నాలుగో రోజు, పొద్దు నడినెత్తికి రాకముందు, గోపురం నుంచి దేవరాతుడు దిగి రాగానే, ఎలిమ ఏడో సొరంగం శంఖం కిందికి వెళ్ళి గొంతెత్తి అరిచింది. వెనకబడిన ఎవరినో పిలుస్తున్నట్టు, అందరూ ఏడో దారిన పోబోతున్నారు అని. "దిమ ఇస. దిమ ఇస."

గోపురంలో ఘోరజిహ్వుడు దాన్ని 'వెళ్ళిపోయారు' అని విన్నాడు. వెళ్ళిపోయినవాళ్ళను వెతకవలసింది కొండ బయట. ఆ మరుక్షణం కొండంతా మట్టిభటుల అడుగులతో దద్దరిల్లింది. కాల్చని బంకమట్టితో చేసిన ఆ భటులకు సొంత బుద్ధి లేదు. మాంత్రికుడి గొంతు ఎటు పొమ్మంటే అటే. బల్లేలు పట్టుకుని బారులు తీరి మెట్లు దిగి, తూర్పు వాకిలి దాటి, కొండ పాదం చుట్టూ వెతకడానికి పరుగుతీశారు. లోపల ఒక్కడు మిగల్లేదు.

వందమంది బిలంలోకి దూరారు. మిగతావాళ్ళు వాళ్ళ వెనక. చెమటా చెమ్మా కలిసి ఊపిరి ఆడటం లేదు. గొంతు రానివ్వకుండా, ఊపిరితోనే హుప్ అన్నారు. బండ కదల్లేదు. మళ్ళీ హుప్. దేవరాతుడి ఎడమ భుజంలో ఏదో పుటుక్కుమంది. మూడోసారికి బండ ఒక అంగుళం జరిగి, సందులోంచి కత్తిలాంటి వెలుగు వచ్చింది. ఆ వెలుగు తగిలి ఎంతోమంది కెవ్వుమన్నారు. ఆ కేక శంఖంలో పడింది. వెళ్ళిపోయినవాళ్ళ గొంతు కొండలో వినిపించకూడదు కదా. గోపురంలో ముసలివాడికి నిజం తెలిసిపోయింది.

అతడు ఊదిన మహాశంఖం మోతకు దివ్వెలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కొండ కడుపు పులి ఆవులించినట్టు కదిలింది. చీకట్లో ఎలిమ గొంతు వినిపించింది. "గాడ రుంబ ఇస. కుడి, కుడి."

ఈసారి దేవరాతుడు ఆగలేదు. మూడు వందల దేహాలతో పాటు కుడిగోడకు అతుక్కున్నాడు. ఎడమవైపు కప్పు మొత్తం కూలి, వాళ్ళ కాళ్ళ మీద దుమ్ము పోసింది. ఒక్కరు కూడా దాని కింద పడలేదు. అదే అదురుకు అడ్డుబండ కూడా వదులైంది. హుప్ అనగానే అది బయటికి దొర్లి ఎక్కడో నీళ్ళలో పడింది.

బయట మిట్టమధ్యాహ్నం. కొండలో పుట్టినవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడ్డారు. ఎదురుగా నది. వానాకాలపు ఎర్రనీళ్ళు, ఎక్కడికక్కడ సుళ్ళు తిరుగుతూ, అవతలి రెల్లుదుబ్బులు సన్నటి తెల్లగీతలా కనిపించేంత వెడల్పున పారుతున్నాయి. ఎడమవైపు కొండమలుపు దగ్గర దుమ్ము లేచింది. మట్టిభటులు మళ్ళారు.

మట్టి మనుషులు నీళ్ళలో దిగలేరు. వాళ్ళు వచ్చేలోగా అందరూ నది మధ్యకు చేరితే బతుకుతారు. బండలు లాగే మోకు ఎవరో భుజాన వేసుకునే వచ్చారు. ఉదయసేనుడు దాని కొస నడుముకు కట్టుకున్నాడు. హంసావతి నదిలో ఈత నేర్చినవాడు.

"గురువుగారూ, నేను ముందు పోయి కట్టేస్తాను. వీళ్ళని దింపండి" అన్నాడు. శంఖం లేని చోట, అయిదేళ్ళకు వచ్చిన సొంత మాట. గొంతు తుప్పుపట్టి, గురువుగారూ అన్నది సగమే పలికింది. దేవరాతుడు తల ఊపాడు. యువరాజు నీళ్ళలోకి దూకాడు.

దింపడం ఎలా? ముంతలో నీళ్ళు తప్ప ఎరగని జనం, కదిలే ఆ ఎర్రటి నేలను చూసి రాయిలా బిగుసుకుపోయారు. వెనక్కి, కొండలోకే పోదామని కొందరు లేస్తున్నారు. నదిని ఏమనాలి? ఒడ్డు, లోతు, మోకు పట్టుకుని రండి, మునగరు అని చెప్పడానికి ఆ భాషలో మాటలు లేవు. దేవరాతుడికి నదికి తొమ్మిది మాటలు వచ్చు. తొమ్మిదీ అరిచాడు. ఒక్కో మూల ఒక్కో ముసలి బందీ తల ఎత్తాడు, అంతే. చేతులు ఊపాడు. గొంతు పోయింది. బల్లేల మొనలు ఎండలో తళుక్కుమంటున్నాయి.

అప్పుడు ఎలిమ లేచింది. కళ్ళు చికిలించుకుంటూ మోకు పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. ఆమె పళ్ళు కటకటలాడటం ఒడ్డుకు వినిపించింది. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి ఒక మాట అంది.

"లోమాహో."

దేవరాతుడు ఆ మాట ఎన్నడూ వినలేదు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తే వాళ్ళూ వినలేదని తెలిసింది. అందులో నీళ్ళ మాట ఉంది. మిగతాది ఎక్కడినుంచి వచ్చిందో ఎలిమకే తెలియాలి. ఆమె మళ్ళీ అంది. ముందువరసలో ఒక ముసలామె దాన్ని పెదవుల మీద పలికి చూసుకుని లేచి నిలబడింది. పక్కవాడు అన్నాడు. ఆ మాట ఒకరి నోటినుంచి ఒకరికి ఒడ్డు పొడవునా పాకింది. మూడు వందల మంది లేచి, మోకు పట్టుకుని, దిగారు.

అది నదికి పేరో, రండి అనో, భయపడకండి అనో దేవరాతుడికి తెలియలేదు. అడిగే తీరిక లేదు. అందరికంటే చివర, కుడిచేత్తో మోకు పట్టుకుని, ఎడమచెయ్యి వేలాడేసుకుని, తనూ ఆ మాటే అని నీళ్ళలోకి దిగాడు. మొదటి బల్లెం అతడి చెవి పక్కనుంచి పోయి ముందున్న నీళ్ళలో పడింది. నది చల్లగా ఉంది. మూడేళ్ళ నడక, పద్నాలుగు రోజుల అబద్ధాలు, ఒళ్ళంతా రాతిపొడి ఒక్కసారి బరువెక్కి అతణ్ణి కిందికి లాగాయి. అవతల యువరాజు కట్టేసినట్టుంది, మోకు చేతిలో బిగుసుకుంది. ముందు ఎవరో లాగుతున్నారు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, అవతలి ఒడ్డు ఇంకా చాలా దూరంలో ఉంది.